అఫిడవిట్‌ల సారాంశం తెలుగులో అచ్చువేయండి

సంపాదకులకు నమస్కారం.

విధాన పరిశోధన సంస్థ అనగానే ఢిల్లీ గుర్తుకొస్తుంది. కానీ ఐఏఎస్ ఉద్యోగం వదులుకున్న జయప్రకాశ్ నారాయణ్ తన సహచరులతో కలిసి 1996లో హైదరాబాద్‌లో నెలకొల్పిన ఫౌండేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్, ఆ వెంటనే మొదలైన లోక్‌సత్తా ఉద్యమం దేశంలోని ప్రతి ఓటరుకూ అభ్యర్థుల వివరాలు తెలుసుకునే హక్కు దక్కడానికి తోడ్పడ్డాయని ఈ తరానికి పెద్దగా తెలియదు.

1999 ఎన్నికల్లోనే లోక్‌సత్తా మన రాష్ట్రంలో నేరచరిత్ర ఉన్న అభ్యర్థుల జాబితా బయటపెట్టింది. ఎన్నికల సంస్కరణల కోసం పనిచేసే ఏడీఆర్ (అసోసియేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్) వేసిన కేసులో 2002 మే 2న సుప్రీంకోర్టు, అభ్యర్థులు తమ మీదున్న కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు అఫిడవిట్ (ప్రమాణపత్రం) ద్వారా వెల్లడించాలని తీర్పిచ్చింది. ఆ తీర్పును నీరుగార్చడానికి అదే ఏడాది ప్రజాప్రాతినిధ్య చట్టంలో 33బి సెక్షన్ చేర్చి, కోర్టులు ఏం చెప్పినా చట్టం అడిగినదానికి మించి ఏ వివరమూ ఇవ్వనక్కర్లేదన్నారు. దాన్ని సవాలు చేసిన పిటిషనర్లలో పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్, ఏడీఆర్‌లతో పాటు లోక్‌సత్తా కూడా ఉంది. 2003 మార్చి 13న ఆ సెక్షన్‌ను సుప్రీంకోర్టు కొట్టివేసింది. తర్వాత పార్టీగా మారి 2009లో ఒక్క కూకట్‌పల్లి సీటే గెలిచిందని లోక్‌సత్తాను తేలిగ్గా తీసిపారేసేవాళ్లు ఈ తీర్పును కూడా లెక్కలోకి తీసుకోవాలి.

అంత పోరాడి సాధించుకున్న కాగితం ఓటరుకు చేరుతోందా? ఉపాధ్యాయుడిగా ఎన్నికల విధుల్లో ఉన్న రోజుల్లో ఒక రిటర్నింగ్ అధికారి కార్యాలయంలో చూశాను: నోటీసు బోర్డు ఇనుప జాలీ వెనక అఫిడవిట్‌లు ఒకదానిమీద ఒకటి పిన్నులతో గుచ్చి ఉన్నాయి. పైన కనిపించే స్టాంపు కాగితం తప్ప కేసుల వివరాలున్న లోపలి పేజీలు తిప్పి చూసే వీలే లేదు. బోర్డు ముందు నిలబడ్డ ఒక రైతు కాసేపు తొంగిచూసి, అంతా ఇంగ్లీషులో ఉందంటూ వెళ్లిపోయాడు. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఆ పత్రాలు దొరికే మాట నిజమే గానీ, పేజీలకు పేజీలు ఉన్న ఆ స్కాన్ కాపీలను ఫోన్‌లో చదవడం మాబోటి వాళ్ల వల్ల కాదు.

అందువల్ల నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిసిన మర్నాడు మీ జిల్లా పేజీల్లో ఒక్కో అభ్యర్థికి నాలుగు వరుసలు కేటాయించి, పెండింగు కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు వివరాలను తెలుగులో అచ్చువేయాలని కోరుతున్నాను. పోటీలో ఉన్న అందరికీ, ఏ పార్టీ వారైనా, ఒకే కొలతలో చోటివ్వండి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి