వార్షిక నివేదిక: ఈ ఏటి పనులు, కనుమనాటి వేషాలు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన అపార్ట్‌మెంట్‌లో వాటర్ ట్యాంకులు కడిగించాం, సెల్లార్‌లో లైట్లు మార్పించాం. 2014 హుద్‌హుద్ తుఫానుకి కూలిన వేపచెట్టు చోట ఎట్టకేలకు మరో వేపమొక్క నాటాం. జమాఖర్చులు విడిగా జతచేశాం. ఇక కనుమ రాత్రి టెర్రస్ మీద జరిగిన పెద్దల వేషాల సంగతి కాస్త వివరంగా చెప్పాలి.

చిన్నపిల్లలకు కింద ఆటలు పెట్టాం. వాళ్లు ఆగలేక మెట్లెక్కి పైకి వచ్చేసరికి ఘటోత్కచుడు గద ఎత్తి గర్జిస్తున్నాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. జనరేటర్ అందుకుని లైట్లు వెలిగేసరికి నారదుడి చెయ్యి పైకెత్తి ఉంది. ఇంకేముంది, వెలుగు ఆయనే తెప్పించాడని పిల్లలు తేల్చేశారు! మూడో అంతస్తులోని నాలుగేళ్ల పాప కిందకి చూసి, "నారదుడు సెక్రటరీ తాతయ్య చెప్పులు వేసుకొచ్చాడమ్మా" అంది. చెప్పుల్ని గుర్తుపట్టింది గానీ, తాతయ్యని గుర్తుపట్టలేదు.

ఆ వయసులో అది సహజమే. రీటా డివ్రీస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక పిల్లికి కుక్క ముఖం తొడిగి పిల్లలకు చూపించారు. ఆ పరిశోధన 1969లో అచ్చయింది. తోక కళ్లెదుటే ఉన్నా మూడేళ్లవాళ్లలో చాలామంది అది కుక్కైపోయిందనే నమ్మారు. ఆరేళ్లవాళ్లలో ఎక్కువమంది పిల్లేనన్నారు. పిల్లలదాకా ఎందుకు, 1885లో కడప జిల్లాలో మొదలైన సురభి నాటకాల మాయలు చూసి నోరెళ్లబెట్టిన పెద్దలు మనలోనూ ఉన్నారు.

అయితే యముడి వేషానికి ఒక బాబు బాగా భయపడ్డాడు. "మా తాతయ్యని ఏం చేశావ్?" అని గుక్కపెట్టి ఏడ్చాడు. ఆ వేషంలో ఉన్నది వాడి తాతయ్యే. ఆయన వెంటనే కిరీటం తీసి, మీసం ఊడదీసి వాడి చేతిలో పెట్టారు. మీసాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పి చూశాకే వాడు ఒళ్లోకి వచ్చాడు. ఆయన చేసింది సరైన పని.

ఇంకో బాబు ఆంజనేయుణ్ణి పక్క బిల్డింగ్ సన్‌షేడ్ మీద పడిన బంతి తెచ్చిపెట్టమని అడిగాడు. మర్నాడు పొద్దున్నే, పిల్లలు లేవకముందే, కమిటీ సభ్యులు నిచ్చెన వేసి బంతి దింపారు. నిచ్చెన ఇచ్చిన పక్క బిల్డింగ్‌వారికి సంఘం తరఫున ధన్యవాదాలు.

వచ్చే సంక్రాంతికి వేషాలు తప్పకుండా ఉంటాయి, యముడు మాత్రం ఉండడు. మేకప్ పిల్లల ముందే వేస్తాం. రంగు పూయడం, విగ్గు పెట్టడం దగ్గరుండి చూసినా నమ్మేవాళ్లు నమ్ముతారు, నమ్మనివ్వండి. భయపడినవాళ్లకీ, నిజమేమిటని అడిగినవాళ్లకీ మాత్రం నిజమే చెప్పండి. పాత పట్టుపంచెలు, జరీ చీరలు ఉన్నవారు డిసెంబరులోగా వాచ్‌మన్ దగ్గర ఇవ్వగలరు.