ఇసుక ఉచితం సరే, నది లెక్క ఏది?

సంపాదకుడికి,

ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారితే ఇసుక విధానమూ మారడం ఆనవాయితీ అయింది. 2014లో రీచ్‌లను, అంటే నదిలో ఇసుక తవ్వే చోట్లను, డ్వాక్రా సంఘాలకు అప్పగించారు. 2016లో ఉచితమన్నారు. 2019లో ఖనిజాభివృద్ధి సంస్థకు, 2021లో ఒకే ఒక్క ప్రైవేటు కంపెనీకి ఇచ్చారు. 2024 జులై నుంచి మళ్లీ ఉచితం; కొద్ది నెలలకే సీనరేజి (తవ్విన ఖనిజం మీద ప్రభుత్వం తీసుకునే రుసుము) కూడా ఎత్తేశారు. ఇన్ని మార్పుల్లోనూ తగవంతా ఇసుక ఎవరి చేతిలో ఉండాలన్నదే. నదిలో ఎంత ఉందన్నది ఎవరికీ పట్టలేదు.

ఉచితమన్నంత మాత్రాన కొరత తీరదు. రీచ్‌లో ధర లేకపోయినా తవ్వకం, లోడింగు, లారీ కిరాయి కలిసి ఇల్లు కట్టుకునేవాడికి వేలల్లోనే పడుతోంది. రేవు మీద పట్టున్నవాడికి, టిప్పర్లున్నవాడికి మాత్రం అది నిజంగానే ఉచితం. అలాగని తవ్వకాలు ఆపేయమని నేననను. 2019లో ఇసుక దొరక్క తాపీ మేస్త్రీలు, కూలీలు నెలల తరబడి పస్తులున్న సంగతి మరవలేం.

అసలు చిక్కు ఎగువన ఉంది. కృష్ణా నది మీద శ్రీశైలం జలాశయం కట్టినప్పుడు 308 టీఎంసీల నీరు పట్టేది, ఇప్పుడు సుమారు 215 టీఎంసీలే. మిగతా చోటంతా పూడిక. వరదతో దిగువకు రావలసిన మట్టి, ఇసుక అక్కడే ఆగిపోతున్నాయి. ఆ కింద నాగార్జునసాగర్, పులిచింతల ఉన్నాయి. ఇక ప్రకాశం బ్యారేజీ పరిసరాల్లో ఏటా తోడేసిన ఇసుక మరుసటి వరదకు తిరిగి చేరుతుందని ఏ అధికారి అయినా సంతకం చేసి చెప్పగలరా? అడుగున ఇసుక పోతే నది అడుగు మట్టం దిగుతుంది. ఒడ్డు కోతకు గురవుతుంది. పక్క పొలాల ఫిల్టర్ పాయింట్లలో (తక్కువ లోతు బోర్లలో) నీరందదు. ఆ నష్టం రైతుదే, ఏ విధానంలోనూ దాని ఊసుండదు.

చట్టాలకు లోటు లేదు. వంతెనలకు, ఆనకట్టలకు 500 మీటర్ల లోపు తవ్వరాదని వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం) నిబంధనలు ఎప్పుడో చెప్పాయి. కృష్ణా తీరంలో అక్రమ తవ్వకాల మీద జాతీయ హరిత ట్రైబ్యునల్ 2019 ఏప్రిల్‌లో రాష్ట్రానికి వంద కోట్ల జరిమానా వేసింది. ఆ తర్వాతా యంత్రాలు నదిలోకి దిగుతూనే ఉన్నాయి.

ప్రతి రీచ్‌లో వర్షాకాలానికి ముందు, తర్వాత నది అడుగు మట్టం కొలిచి ఆ అంకెలను గ్రామ పంచాయతీ బోర్డు మీద రాయించాలి. వరద తెచ్చినదానికి మించి తవ్వకానికి అనుమతి ఇవ్వకూడదు. చాలకపోతే ముందుగా ప్రభుత్వ నిర్మాణాలనే రోబో ఇసుకకు (రాయిని పొడి చేసి తయారుచేసే ఇసుకకు) మళ్లించాలి.

– ఒక పాఠకుడు, విజయవాడ