ఉత్తర్వులు తెలుగులో కనిపిస్తే చాలదు, వెతికితే దొరకాలి

రాష్ట్ర ఐటీ శాఖ ముఖ్య కార్యదర్శి గారికి,

నమస్కారం. తెలుగు ఉత్తర్వుల్ని ఇప్పటికీ ‘అను’ అనే పాతతరం ఫాంట్లలో టైపు చేసి పీడీఎఫ్‌లుగా పెడుతున్న కార్యాలయాలున్నాయి. తెర మీద తెలుగే కనిపిస్తుంది. లోపలున్నవి మాత్రం ఇంగ్లిషు అక్షరాల సంకేతాలు, వాటికి తెలుగు ఆకారాలు తొడిగారంతే. అందుకే ‘పింఛను’ అని వెతికితే దొరకదు. చూపులేనివారి స్క్రీన్ రీడర్ అర్థంలేని శబ్దాలు చదువుతుంది. ప్రపంచ భాషల అక్షరాలకు విడివిడి సంకేతాలిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటుంది. ఇంకా ఇలా సాగడం అన్యాయం.

యూనికోడ్‌లో టైపు చేసినంత మాత్రాన పని అయిపోదు. పీడీఎఫ్ ప్రధానంగా ఆకారాల్ని దాచుకుంటుంది. వాటిని తిరిగి అక్షరాలుగా మార్చేటప్పుడు ఒత్తుల దగ్గర వరస తప్పొచ్చు. కాబట్టి పీడీఎఫ్‌ను ట్యాగులతో (శీర్షిక, పేరా వంటి భాగాల్ని తెలిపే లోపలి గుర్తులతో) ఎగుమతి చేయించండి, పక్కనే హెచ్‌టీఎంఎల్ (వెబ్‌పేజీ) ప్రతి కూడా పెట్టించండి. ‘స్త్రీ’, ‘లక్ష్మి’ లాంటి మాటలున్న వాక్యాన్ని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికిస్తే తేడా అక్కడికక్కడే తెలిసిపోతుంది.

పాత ఉత్తర్వుల్ని యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు పీడీఎఫ్ నుంచి కాపీ చేసిన పాఠంతో కాకుండా, వాటిని కూర్చిన పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లోని అసలు ఫైలుతో మొదలుపెట్టాలి. ఏ ముక్క ఏ ఫాంటులో ఉందో అందులో తెలుస్తుంది. ఆ ఆనవాలు పోతే మధ్యలోని ఇంగ్లిషు పేర్లు కూడా తెలుగు ముక్కలైపోతాయి. స్కాన్ కాగితాలకు ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాల్ని గుర్తించే సాఫ్ట్‌వేర్) వాడినా, సర్వే నంబర్లు, రూపాయల మొత్తాలు మనిషి సరిచూడాల్సిందే.

మండలి, రామభద్ర వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే దొరుకుతున్నాయి. ముందుగా పింఛన్లు, భూముల ఉత్తర్వులు మార్పించండి.