పాలరాయికి పులుపు తగలనివ్వకు

అమ్మలూ,

నువ్వు పంపిన ఫోటో పెద్దది చేసి చూశాను. పూజగదిలో కుందుల కింద కనిపిస్తున్నది మరక కాదమ్మా. మరకైతే రంగు లోపలికి ఇంకాలి. ఇక్కడ రంగేమీ లేదు, మెరుపు పోయిందంతే. వేలితో రాసి చూడు, చుట్టూ నున్నగా ఉండి అక్కడొక్కచోటే గరుగ్గా తగులుతుంది. చింతపండుతో తోమిన కుందుల్ని సరిగ్గా కడగకుండా తడిగానే పెట్టినట్టున్నారు. పాలరాయి అంటే కాల్షియం కార్బొనేట్. పులుపు తగిలితే పైపొర కరిగిపోతుంది. నిమ్మరసమైనా, వెనిగరైనా, బాత్‌రూమ్ యాసిడైనా చేసేది అదే పని. కరిగిన రాయి తోమితే తిరిగి రాదు, కాబట్టి ఆ పీచు పక్కన పెట్టెయ్యి. పైపైన పోయిన మెరుపైతే పాలరాయి పాలిష్ పొడిని తడిగుడ్డతో రుద్దితే వచ్చేస్తుంది. లోతుగా తినేసి ఉంటే మాత్రం డైమండ్ ప్యాడ్ల మెషీన్ ఉన్నవాళ్లు రావాల్సిందే. బెంగళూరు పక్కన జిగణి వైపు అడిగితే దొరుకుతారు.

నీ వంటగట్టు సంగతి వేరు. అది గ్రానైట్. క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ కలిసిన గట్టి రాయి, చింతపండుకు లొంగదు. లాల్‌బాగ్‌లో మీరు ఎక్కే ఆ గుట్ట కూడా దాదాపు ఇవే ఖనిజాలున్న, నైస్ (gneiss) అనే రకం రాయి, వయసు 300 కోట్ల ఏళ్లు! కానీ గ్రానైట్‌కూ సన్నని రంధ్రాలుంటాయి, నూనె ఇంకుతుంది. గట్టు మీద నాలుగు చుక్కల నీళ్లు వేసి పదిహేను నిమిషాలు ఆగు. తుడిచాక కింద రాయి నల్లబడి కనిపిస్తే ఆ రంధ్రాల్ని మూసే పూత, అదే సీలర్, అరిగిపోయిందని అర్థం. మళ్లీ వేయించు.

స్టవ్ పక్కన నూనె మచ్చకు వంటసోడాలో కొంచెం నీళ్లు పోసి బజ్జీల పిండి కంటే గట్టిగా కలుపు. మచ్చ మీద మందంగా పట్టించి, ప్లాస్టిక్ కవరు కప్పి, అంచులకు టేపు అంటించి ఒక రోజంతా వదిలెయ్యి. తర్వాత కవరు తీసి, పూర్తిగా ఆరనిచ్చి చెక్క గరిటెతో గీకి తుడువు. ఆరేకొద్దీ పిండి నూనెను పైకి లాగుతుంది. ఒక్కసారికి పోకపోతే విసుగు పడకుండా మళ్లీ పెట్టు. గట్టు మెరవాలని రాస్తున్న ఆ కొబ్బరినూనె పూత మాత్రం మానెయ్యి. రెండు రోజుల మెరుపు కోసం దుమ్మునంతా అంటించుకోవడం తప్ప లాభం లేదు.

ముఖ్యమైన మాట ఇంకొకటి. వంటింటి అరలూ, బట్టలుతికే చోట గట్టూ నల్లగా ఉన్నాయని గ్రానైట్ అనుకునేరు. పాత బెంగళూరు ఇళ్లలో అవి ఎక్కువగా కడప బండలు, అంటే సున్నపురాయి. మా రాళ్ల కొట్లో అనుమానం వస్తే ముక్క మీద యాసిడ్ చుక్క వేసేవాళ్లం, సున్నపురాయైతే బుస్సున పొంగేది. నువ్వు ఇంట్లో ఆ పరీక్ష చేయొద్దు. నల్లబండకు కూడా పులుపు పడదని గుర్తుపెట్టుకో, చాలు. బోరు నీళ్ల ఉప్పు తెల్లగా పేరుకుంటోందని యాసిడ్ పోశారంటే ఉప్పుతోపాటు రాయీ పోతుంది, నలుపు వెలిసి బూడిదరంగు మిగులుతుంది. వాడిన ప్రతిసారీ పొడిగుడ్డతో తుడిస్తే ఉప్పు పట్టే అవకాశమే తక్కువ. బాత్‌రూమ్ యాసిడ్నీ బ్లీచింగునీ ఎన్నడూ కలపనివ్వకు తల్లీ. క్లోరిన్ గ్యాస్ వస్తుంది, ఊపిరితిత్తులకు ప్రమాదం. పనావిడకు నువ్వే దగ్గరుండి చెప్పు. సీసాల మీద రాసింది ఆవిడ చదవలేకపోవచ్చు.

నేలకు గోరువెచ్చని నీళ్లలో రాయి కోసమే అమ్మే న్యూట్రల్ (పులుపూ క్షారమూ కాని) ద్రావణం కొంచెం కలిపితే సరిపోతుంది. అంతకంటే ముందు మెత్తటి చీపురుతో ఊడ్చాలి. ఇసుకలో ఉండేది క్వార్ట్జ్, పాలరాయి కంటే ఎంతో గట్టిది. ఊడ్వకుండా మాప్ పెడితే ఆ రేణువులు గది పొడుగునా గీతలు పెడతాయి. గుమ్మం బయటొకటి, లోపలొకటి పట్టా వెయ్యి.

ఇక నుంచి కుందుల కింద ఇత్తడి పళ్లెం పెట్టు. నూనె కారినా, కుంకుమ రాలినా అందులోనే పడుతుంది. పాలిష్ వాళ్లు వస్తే ముందు ఒక మూల చేసి చూపించమను, ఆ మూల ఫోటో నాకు పంపాకే మిగతాది మొదలుపెట్టించు.

ఆశీస్సులతో,
నాన్న