మా అమ్మ జేడ్ మొక్కను బతికించిన మౌసాకి దండాలు

అందరికీ నమస్కారం. నిద్ర లేక కళ్ళు మండుతున్నాయి, రాతలో తప్పులుంటే సర్దుకోండి. ఇప్పుడు రాయకపోతే మళ్ళీ బడి, పరీక్ష పేపర్లు, ఇంటి చాకిరీ... ఇక ఎప్పటికీ రాయను.

ఒడిశా సరిహద్దులోని మా పర్లాకిమిడిలో, మా వీధిలో వాళ్ళకి మా అమ్మ జేడ్ మొక్క తెలుసు, నీరు దాచుకునే మందపాటి ఆకుల మొక్క. అరుగు మీద మట్టి కుండీలో ఉండేది. మొదలు నా మణికట్టంత లావు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు పెరట్లో కొబ్బరి చెట్లు కూలాయి, వంటింటి రేకులు లేచిపోయాయి, ఈ కుండీ మాత్రం కాస్త పక్కకి ఒరిగిందంతే. అమ్మ ఈ వేసవిలో పోయింది. మొక్క నా దగ్గరికి వచ్చింది.

సామాను తెచ్చేటప్పుడు పాత కుండీ పగిలింది. ఊళ్ళోనే ఒక షాపువాళ్ళు తళతళలాడే పింగాణీ కుండీలోకి మార్చి ఇచ్చారు. కింద చిల్లు లేదు. లోపల అంతా కోకోపీట్, అంటే కొబ్బరిపీచు పొట్టు. పైన తెల్ల గులకరాళ్ళు గమ్ముతో అతికించేశారు, మట్టి తడిగా ఉందో పొడిగా ఉందో వేలు పెట్టి చూద్దామన్నా వీల్లేదు. చూడటానికి మాత్రం పెళ్ళిపందిరి అలంకారంలా ఉంది. ఏం లాభం? వానలు పట్టగానే ఆకులు రాలడం మొదలైంది. పచ్చగా, గట్టిగా ఉండే ఆకు పసుపుపచ్చగా మారి, అద్దంలా అవతలి వేలు కనిపించేటట్టు అయిపోయి, నొక్కితే నీరు కారేది. ముట్టుకుంటే రాలేది. ముట్టుకోకపోయినా రాత్రిపూట టప్పుమని కిందపడిన చప్పుడు వినిపించేది. ఆ చప్పుడికి లేచి కూర్చునేదాన్ని.

సలహాలకి లోటు లేదు. టీ డికాషన్ పొయ్యమన్నారు, గుడ్డు పెంకులు వెయ్యమన్నారు, ఆకు రాలుతోందంటే దాహమేసిందని అర్థం, ఇంకా నీళ్ళు పొయ్యమన్నారు. ఒక రైతుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. నా సిమ్ము పాతపట్నంలో కొన్నది, కాబట్టి కాల్ ఆంధ్రా వాళ్ళకి వెళ్ళింది. "ఏ పంటమ్మా? ఎన్ని ఎకరాలు?" అన్నారు. కుండీ అన్నాను. "ఏ జిల్లా?" గజపతి అన్నాను. ఒడిశా వాళ్ళకి చేసుకోమని పెట్టేశారు. ఆ నంబరుకి చేస్తే మొదట అడిగింది భూమి కాగితాల వివరాలు! నవ్వాలో ఏడవాలో తెలీలేదు. అమ్మ పింఛను కాగితాల దగ్గర కూడా ఇదే తంతు. ఉద్యోగం ఆ రాష్ట్రంలో, ఇల్లు ఈ రాష్ట్రంలో. మహేంద్రతనయ నదికి ఈ ఒడ్డున అడిగితే ఆ ఒడ్డుకి పొమ్మంటారు, ఆ ఒడ్డున అడిగితే ఈ ఒడ్డు సంతకం కావాలంటారు. ప్రతి కౌంటర్లోనూ మా అమ్మ పేరు పక్కన "మృతురాలు" అని రాసి ఉంటుంది. సరే, అది వేరే గోల, ఇప్పుడెందుకు.

చివరికి మొక్కని సంచిలో పెట్టుకుని, రాలిన ఆకులన్నీ ఒక కవర్లో వేసుకుని, ఊరి చివర ఇంకో నర్సరీకి పట్టుకెళ్ళాను. అతను తల కూడా ఎత్తకుండా "పారెయ్యండి మేడమ్, కొత్తది తీసుకోండి" అన్నాడు. నేను అక్కడే నిలబడిపోయాను. సైకిలు మీంచి పశువుల ఎరువు బస్తాలు దించుతున్న ఒక పెద్దాయన నన్ను చూసి, చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ వచ్చారు. ఒడియా మనిషి, తెలుగు మన సిక్కోలు యాసలోనే మాట్లాడతారు. ఒకప్పుడు కాలేజీ తోటలో మాలీగా చేసి రిటైరయ్యారట. పేరు రాయొద్దన్నారు. నేను మౌసా అనే పిలిచాను, ఒడియాలో బాబాయి అన్నట్టు.

"టికే ఇలా ఇవ్వు మా" అని కుండీ తీసుకుని నేల మీద కూర్చున్నారు. రాళ్ళు పెకలించి, మొక్కని బయటికి లాగి, ముందు మట్టి వాసన చూశారు. నాకూ చూపించారు. మురుగు వాసన. వేళ్ళు నల్లగా, జారుడుగా ఉన్నాయి, పట్టుకుంటే పైతోలు ఊడి చేతిలోకి వచ్చేసింది. "నీల్లు తక్కువయ్యి కాదు మా. వేరుకి గాలి ఆడక కుల్లిపోనాది. వేరు లేకపోతే ఆకు ఏటి తాగుతాది?" అన్నారు. తర్వాత మొదలు మీద గోరుతో చిన్నగా గీసి చూపించారు. కింద గోధుమరంగు, పైకి వెళ్ళేసరికి పచ్చదనం. "కింద సచ్చింది. మీద బతికే ఉంది."

పక్క మెడికల్ షాపు నుంచి స్పిరిట్ తెప్పించి కత్తి తుడిచారు. అడుగు నుంచి ఒక ముక్క కోశారు. కోసిన చోట నడి మధ్యలో గోధుమరంగు మచ్చ. కత్తి మళ్ళీ తుడిచి, వేలెడు పైన ఇంకో ముక్క. మచ్చ చిన్నదైంది. మళ్ళీ తుడవడం, మళ్ళీ కోయడం. కోసిన ప్రతిసారీ నా గుండె జారిపోతోంది, అమ్మ మొక్క పొట్టిదైపోతోందని. ఆఖరికి మచ్చన్నది లేకుండా శుభ్రమైన లేతాకుపచ్చ వచ్చాక ఆపారు. చిన్న చుక్క మిగిల్చినా అది పైకి పాకుతుందట.

తర్వాత నా కవరు అడిగారు. భుజం మీది గాముచ్ఛా (తువ్వాలు) నేల మీద పరిచి, రాలిన ఆకులు ఒక్కొక్కటే తీసి పేర్చడం మొదలుపెట్టారు. మెత్తబడ్డవి ఒక పక్కన. తొడిమ దగ్గర చిరిగినవి ఒక పక్కన, వాటికి పిలక రాదు. మొదలు చెక్కుచెదరకుండా ఊడినవి మాత్రం వరసగా. పేరుస్తూనే, "మీ అమ్మ నీల్లు ఎప్పుడు పోసీది?" అని అడిగారు. ఆకు కాస్త ముడత పడితే, కుండీ ఎత్తి బరువు చూసి, అప్పుడు పోసేదని చెప్పాను. తల ఊపి "ఆవిడికి బాగా తెలుసు" అన్నారు.

అంతే. ఇన్ని నెలల్లో మా అమ్మని గురించి, పోయిన మనిషిగా కాకుండా ఒక పని తెలిసిన మనిషిగా మాట్లాడింది ఆయనొక్కరే. ఎరువు బస్తాల పక్కన కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు, ఆకులు పేరుస్తూనే ఉన్నారు. ఏడుపు తగ్గాక గాముచ్ఛా మూట కట్టి నా చేతికిచ్చారు.

చెప్పినట్టే చేశాను. కోసిన కొమ్మని నీడలో, గాలి తగిలే చోట వారం పైన ఎండబెట్టాం. గాయం మీద గట్టి పొర కట్టాక చిల్లున్న మట్టి కుండీలో పెట్టాం. మట్టి ఒక పాలు, ముతక ఇసుక ఒక పాలు, చితక్కొట్టిన ఇటుక ముక్కలు ఒక పాలు. సన్న ఇసుక పనికిరాదు, గట్టిపడిపోయి నీటిని పోనివ్వదు. ఇసుక ఎక్కడ దొరుకుతుందా అనుకుంటుంటే ఆదివారం పొద్దున్నే మౌసా సైకిలు మీద మా ఇంటికే వచ్చారు, కడిగి ఆరబెట్టిన ఏటి ఇసుక సంచితో. డబ్బు ఇవ్వబోతే కోప్పడ్డారు. మనవరాలికని రెండు ఆకులు అడిగి తీసుకున్నారు. టీ కూడా తాగలేదు.

ఈ మొక్కది దక్షిణాఫ్రికా, మొజాంబిక్ వైపు పొడినేల. ఆకుల రంధ్రాలు పగలు మూసుకుని రాత్రి తెరుచుకుంటాయి, ఎండలో నీరు పోకుండా. అలాంటిదాన్ని మన వానాకాలంలో చిల్లు లేని కుండీలో పెట్టి అమ్మడమేమిటండీ? ఆ రాళ్ళ బదులు ఒక చీటీ పెట్టొచ్చు కదా, తెలుగులోనో ఒడియాలోనో?

మీ ఇళ్ళలోనూ రాలుతుంటే ముందు ఆకుని చూడండి. మెత్తగా, పారదర్శకంగా ఉంటే నీళ్ళు ఆపేసి వేళ్ళు చూడండి. ముడతలు పడి పలచగా ఉండి మట్టి ఎండిపోయి ఉంటే అది నిజంగా దాహమే, కిందికి కారేదాకా ఒకసారి నిండుగా పొయ్యండి. అట్టడుగున ఒకటీ అరా కాగితంలా ఎండి రాలితే కంగారు వద్దు, వయసైపోయిన ఆకులవి. ఆకుల సందుల్లో తెల్లటి దూదిలాంటిది ఉంటే పిండినల్లి, స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచెయ్యాలి. నీడలో ఉన్నదాన్ని ఒక్కసారిగా మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్టినా బెదిరి ఆకులు రాలుస్తుంది.

నిన్న రాత్రి కొమ్మని మెల్లగా కదిపి చూశాను. కదల్లేదు, వేరు పట్టింది. పళ్ళెంలో ఇసుక మీద పరిచిన ఆకుల్లో కొన్నిటికి సన్నటి వేళ్ళు, రెండింటికి ఆవగింజంత పిలకలు. మా ఆయన, తమ్ముడు, పిల్లలు అందరూ సాయం చేశారు, వాళ్ళకి వేరే చెప్పాలా.

మౌసా ఇది చదవరు, ఫోన్లో చదివి వినిపిస్తాను.

అయ్యో, మర్చిపోయాను. వాళ్ళింట్లో పాత మట్టి కుండీ మాకిచ్చిన ఎదురింటి వదినగారికి, ఇటుకలు ఏరుకోనిచ్చిన మేస్త్రికి, సంచి ఒరగకుండా గుంతల్లో నెమ్మదిగా నడిపిన ఆటో అబ్బాయికి కూడా థాంక్స్. ఇంకా స్పిరిట్ ఇచ్చిన మెడికల్ షాపు బాబూ, ఆ రోజు ఏడుపు గొడవలో నీకు డబ్బులే ఇవ్వలేదు. రేపు బడి నుంచి వస్తూ ఇచ్చేస్తాను.