ఆ మైనస్ ఒకటిని కొట్టేయకమ్మా

చిట్టితల్లీ,

నువ్వు పంపిన వీక్లీ టెస్ట్ పేపర్ ఫొటోలు రాత్రి తీరిగ్గా చూశాను. మార్కుల గురించి టెన్షన్ పడకు, అమ్మకి నేను చెప్తాలే. నాకు నీతో మాట్లాడాలనిపించింది నువ్వు సగంలో వదిలేసిన ఆ బంతి లెక్క గురించి.

20 మీటర్ల మేడ మీంచి బంతిని సెకనుకు 15 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరారు, నేలను ఎప్పుడు తాకుతుంది? గురుత్వ త్వరణం g విలువ 10 తీసుకోమన్నారు. నువ్వు పైదిశని ప్లస్ అనుకుని, స్థానభ్రంశాన్ని కూడా ప్లస్ 20 అని రాసేశావు. వర్గమూలం కింద మైనస్ 7 వచ్చింది. ఏదో తప్పు జరిగిందని పెన్ను పక్కన పెట్టేశావు.

అక్కడ ఒక్క నిమిషం ఆగి ఉంటే బాగుండేది తల్లీ. నీ సమీకరణం నీకు నిజమే చెప్పింది. ప్లస్ 20 అంటే మేడకి ఇంకా 20 మీటర్ల పైన అని. ఆ వేగంతో విసిరిన బంతి మేడ మీద 11.25 మీటర్లకు మించి ఎక్కదు. మరి అంత ఎత్తుకి ఎప్పుడు చేరుతుందని అడిగితే, ఎప్పటికీ చేరదనే కదా జవాబు! నేల ఉన్నది కింద కాబట్టి మైనస్ 20 పెట్టి చెయ్యి. 4, మైనస్ 1 వస్తాయి.

4 సెకన్లు జవాబు. మైనస్ 1ని మాత్రం అందరిలా కొట్టేసి ఊరుకోకు. అదే బంతిని నేల మీంచి ఒక సెకను ముందు, సెకనుకు 25 మీటర్ల వేగంతో విసిరారనుకో. సరిగ్గా మేడ అంచు దాటేటప్పుడు దాని వేగం 15 ఉంటుంది. ఆ తర్వాత రెండు బంతులకీ తేడా లేదు. మైనస్ 1 చెప్పేది ఆ కథే. ఇన్నేళ్లుగా పాఠం చెప్తున్నా, ఈ లెక్క దగ్గరికి వచ్చేసరికి నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

అందుకే ఫార్ములా రాసే ముందు బొమ్మ గియ్యమంటాను. మేడ, నేల, బాణం గుర్తు, ఏ దిశ ప్లస్సో, సున్నా ఎక్కడో. అర నిమిషం పని.

ప్రోటాన్ లెక్కలో ఫార్ములా కరెక్టే. 1 టెస్లా అయస్కాంత క్షేత్రంలోకి లంబంగా, సెకనుకు 10 లక్షల మీటర్ల వడితో వచ్చింది. అది తిరిగే వృత్తానికి వ్యాసార్థం mv బై qB; m ద్రవ్యరాశి, v వడి, q ఆవేశం, B క్షేత్రం. నువ్వు 104 మీటర్లు అని రాశావు. పది ఘాతం మైనస్ 2 రావాల్సిన చోట ప్లస్ 2 పడింది. అసలు జవాబు ఒక సెంటీమీటరు పైచిలుకు. మీ కాలేజీ ల్యాబ్‌లో పట్టని అంకె వచ్చినప్పుడే అనుమానం రావాలి.

దాని కింద ‘వడి పెరుగును’ అని రాశావు చూడు, అక్కడ నాకు కొంచెం బాధేసింది. అయస్కాంత బలం ఎప్పుడూ వేగానికి లంబంగానే ఉంటుంది. లంబంగా ఉన్న బలం పని చెయ్యదు, దిశని తిప్పుతుందంతే. గతిజశక్తి అలాగే ఉంటుంది. ఇంకో విశేషం, వడి రెట్టింపు చేస్తే వృత్తం కూడా రెట్టింపవుతుంది, కాబట్టి ఒక చుట్టుకి పట్టే కాలం మారదు. ఆవర్తన కాలం ఫార్ములాలో v కనపడదు, చూసుకో. అమెరికాలోని బర్కిలీలో లారెన్స్ అనే భౌతిక శాస్త్రవేత్త ఈ ఒక్క సంగతిని పట్టుకునే, కణాల్ని గుండ్రంగా తిప్పుతూ వేగం పెంచే సైక్లోట్రాన్ యంత్రం కట్టాడు. కణం చుట్టు చుట్టుకీ వేగం పుంజుకుంటున్నా, దాన్ని నెట్టే విద్యుత్ క్షేత్రం ఒకే పౌనఃపున్యంతో దిశ మార్చుకుంటే సరిపోతుంది. ఆయన మొదటి యంత్రం చేతిలో పట్టేంత చిన్నది. 1939లో నోబెల్ వచ్చింది. మన కోల్‌కతాలోనూ సైక్లోట్రాన్ ఉంది, పరీక్షలయ్యాక వీలుంటే తీసుకెళ్తాను.

ఈ ఆదివారం ఒకే ఒక్క లెక్క చెయ్యి. అదే క్షేత్రంలోకి అదే వడితో ప్రోటాన్ బదులు ఆల్ఫా కణం వచ్చింది. ద్రవ్యరాశి దాదాపు నాలుగు రెట్లు, ఆవేశం రెండు రెట్లు. వ్యాసార్థం ఎంతవుతుందో, ఎటు తిరుగుతుందో ముందు బొమ్మలో చూపించు, తర్వాత అంకెలు వెయ్యి. ఫొటో తీసి పంపు.

వేళకి తిను.

మీ నాన్న