వీధి నెట్ డబ్బాలో బ్యాటరీ లేక ఆగుతున్న ఉద్యోగాలు

సంపాదకులకు,

నెల్లూరు జిల్లాలో కావలి, ఆత్మకూరు వంటి ఊళ్లలో ఇంటి నుంచి సాఫ్ట్‌వేర్ పని చేసేవాళ్ల ఇబ్బంది తీరు మారింది. ఇదివరకు పొద్దున మీటింగ్ అయిపోతే, రెండు గంటలు నెట్ లేకపోయినా కోడ్ రాసుకుంటూ కూర్చునేవాళ్లు. ఇప్పుడు ఆ రాతపని, చిన్న చిన్న టికెట్లు (సరిచేయమని వచ్చే పనులు) చాలావరకు ఏఐ చేస్తోంది. మనిషికి మిగిలింది క్లయింటుతో మాట్లాడి ఏం కావాలో తేల్చుకోవడం, ఏఐ ఇచ్చిన కోడ్ సరిచూడడం, నడుస్తున్న సిస్టమ్ చెడితే అప్పటికప్పుడు లాగ్‌లు (సిస్టమ్ తనలో జరిగినవి రాసుకునే చిట్టాలు) చదివి బాగుచేయడం. ఇవేవీ నెట్ లేకుండా జరగవు.

ఇన్వర్టర్ ఉందిగా అంటారు. మంచి 150 ఏహెచ్ బ్యాటరీ మీద లాప్‌టాప్, రౌటర్, ఒక ఫ్యాన్ ఐదారు గంటలు నడుస్తాయి. చిక్కంతా వీధిలో ఉంది. ఇంటి దాకా ఫైబర్ వచ్చే కనెక్షన్లలో మధ్యనుండి ఒక ఫైబర్‌ను పలు ఇళ్లకు పంచే స్ప్లిటర్‌కు కరెంటు అక్కర్లేదు. కానీ కొన్నిచోట్ల స్తంభానికి కట్టిన డబ్బాలో కరెంటుతో నడిచే స్విచ్ (నెట్‌ను ఇళ్లకు పంచేది), మీడియా కన్వర్టర్ (ఫైబర్‌లోని వెలుగును మామూలు కేబుల్ సిగ్నల్‌గా మార్చేది) ఉంటాయి. దానికి బ్యాటరీ లేకపోయినా, పాతబడినా వీధిలో కరెంటు పోగానే నెట్ పోతుంది. ఇంట్లో రౌటర్ మాత్రం వెలుగుతూనే ఉంటుంది. అందరూ ఒక్కసారిగా ఫోన్ హాట్‌స్పాట్‌కు మారితే టవర్ మీద బరువు పడి కాల్‌లో మాట తెగిపోతుంది.

ఇంట్లో చేసుకోగలిగింది ఒకటుంది. ఇన్వర్టర్ అందుకునేలోపు రౌటర్ రీస్టార్ట్ అయితే, మళ్లీ లేచి, ఆఫీసు నెట్‌వర్క్‌కు కలిపే వీపీఎన్ కలిసేసరికి రెండు మూడు నిమిషాలు పోతాయి. ఇన్వర్టర్‌ను, కరెంటు పోగానే ఇంకా త్వరగా అందుకునే యూపీఎస్ మోడ్‌లో పెట్టాలి, లేదా రౌటర్‌కు 12 వోల్టుల మినీ యూపీఎస్ తగిలించాలి. కొనేముందు రౌటర్ అడాప్టర్ మీద ఎన్ని వోల్టులో, ఎన్ని ఆంపియర్లో చూసుకోవాలి. 2 ఆంపియర్లు కావాల్సినదానికి 1 ఆంపియర్‌ది పెడితే మాటిమాటికీ ఆగిపోతుంది.

మిగతాది అధికారుల చేతిలో ఉంది. మరమ్మతుల కోత ఏ ఫీడర్‌కో (సబ్‌స్టేషన్ నుంచి కొన్ని వీధులకు వెళ్లే లైన్) ముందురోజే వినియోగదారుల ఫోన్లకు మెసేజ్ రావాలి. పేపర్లో సబ్‌స్టేషన్ పేరు వేస్తే తమ వీధి అందులో ఉందో లేదో ఎంతమందికి తెలుస్తుంది? విద్యుత్ స్తంభాల మీద కేబుల్ లాగడానికి అనుమతి ఇచ్చేటప్పుడే డబ్బాకు నాలుగు గంటల బ్యాకప్ ఉండాలని షరతు పెట్టాలి.

ప్రతి పట్టణంలో గ్రంథాలయంలోనో, ప్రభుత్వ కళాశాలలోనో ఒక గది జనరేటర్‌తో కేటాయించాలి. రెండు కంపెనీల లైన్లు వేరువేరు దారుల్లో రావాలి. రెండూ ఒకే స్తంభం మీదుగా వస్తే ఒక్క కొమ్మ విరిగిపడినా రెండూ తెగుతాయి. క్లయింటు వివరాలు పక్కవాళ్ల చెవిన పడకూడదు కాబట్టి తలుపున్న చిన్న క్యాబిన్లు నాలుగైనా ఉండాలి.

శిక్షణ కేంద్రాలకూ ఒక విన్నపం. ఏఐ రాసిన కోడ్ ఒక్కోసారి లేని ఫంక్షన్‌ను పిలుస్తుంది, ఖాళీ ఇన్‌పుట్ ఇస్తే కూలిపోతుంది. ఆ తప్పులు పట్టడం నేర్పండి. సింటాక్స్ (కోడ్ రాసే వ్యాకరణం) బట్టీ పట్టించిన పిల్లలకు ఇప్పుడు పని దొరకడం కష్టం.

మన జిల్లాలో పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆలోపే వీధి డబ్బాల బ్యాటరీలు ఒకసారి తనిఖీ చేయించాలని కలెక్టరు గారిని కోరుతున్నాం.

ఇంటి నుంచి పనిచేసే కొందరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు,
కావలి